ఏటిగట్టున కరవని పాము

"బీరకాయ పొట్టు పచ్చడి ఎవరు ముగించినారు?"

ఉదయం ఆరున్నర. వేదవతి ఖాళీ గిన్నె పట్టుకుని వంటింటి గడపలో నిలబడి ఉంది.

"ముగించడమేంది? రెండు ముద్దలుండె. తిన్నా," అన్నాడు ఆమె భర్త అనంతపద్మనాభం, పేపర్లోంచి తల ఎత్తకుండా. ఆయన రిటైరైన హైస్కూలు మాస్టరు.

"పాపకని దాచిపెట్టినా. రాత్రంతా డ్యూటీ చేసొస్తుందని. మీకు ఉద్యోగానికి రిటైర్మెంటు ఇచ్చినారు గానీ నోటికి ఇయ్యలేదు."

"ఫలానావాళ్లదని గిన్నె మీద రాసిపెట్టాల్సింది."

"రాస్తే మాత్రం? తినేటప్పుడు మీకు అక్షరాలు కనపడవు గదా."

వాళ్ల కూతురు, సబ్ ఇన్‌స్పెక్టర్ వేదశ్రీ, అప్పుడే వచ్చి బూట్ల లేసులు విప్పుతోంది.

"నాకు పచ్చడి వద్దుమ్మా. నిద్ర కావాల."

ఫోన్ మోగింది. రెండు మాటలు విని, విప్పిన లేసు మళ్లీ కట్టుకుంది.

*

ఆస్పత్రి వాళ్లుండే ప్రొద్దుటూరులోనే. పేషంట్ పేరు షాహిద్. ఇరవై ఆరేళ్లు. వైరింగ్ పని.

నిన్న సాయంత్రం పాము కరిచింది. జమ్మలమడుగు దగ్గర, పెన్న గట్టున అని చెప్పాడు. పాముకాటు అంటే మెడికో లీగల్ కేసు. వేదశ్రీది జమ్మలమడుగు స్టేషన్. స్టేట్‌మెంట్ ఆమే తీసుకోవాలి.

డ్యూటీ డాక్టర్ మసరత్ కూడా రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

"మేడమ్, నాకు కావాల్సింది స్టేట్‌మెంట్ కాదు. పాము."

"అంటే?"

"రక్తపింజర అనుకుని ఇరవై వయల్స్ యాంటీవీనమ్ ఎక్కించాం. రక్తం ఇంకా గడ్డ కట్టడం లేదు. మూత్రం బాగా తగ్గిపోయింది. ఈ మందుకు లొంగే పాము అయితే ఈపాటికి తేడా కనిపించాలి."

"వేరే పామంటారా?"

"ఏ పామో తెలిస్తే మందు ఆపి వేరే దారి చూస్తాను. తెలీకుండా ఆపలేను. సాయంత్రం దాకా ఇట్లే ఉంటే కిడ్నీలు దక్కవు. ఆ తర్వాత మనిషి..." డాక్టర్ మాట పూర్తి చేయలేదు.

షాహిద్ ముఖం వాచి ఉంది. కుడిచెయ్యి దిండు మీద పెట్టారు. చూపుడువేలి కొన మీద రెండు సన్నటి గాట్లు. మధ్య ఎడం వడ్లగింజంత కూడా లేదు.

"ఏం పని మీద పోయినావు అక్కడికి?"

"మోటార్ వైరింగ్, మేడమ్."

"ఎవరి మోటారు?"

"పేరు తెలీదు. ఫోన్ చేసినారు."

"పాము ఎట్లుంది?"

"చీకటి. కనపడలేదు."

"కేసు షీటు మీద కరిచిన టైము ఐదూ నలభై అని రాసుంది. అప్పటికింకా వెలుతురు పోదు గదప్పా."

షాహిద్ కళ్లు మూసుకున్నాడు. మంచం కాళ్ల దగ్గర కూర్చున్న అతని తల్లి బిస్మిల్లా బీ లేచి వేదశ్రీ చెయ్యి పట్టుకుంది.

"వచ్చే శుక్రవారం కువైట్‌కు టికెట్ ఉండాది, మేడమ్. కేసుల్లేవని పోలీసు కాగితం గూడా వచ్చేసింది. వాని మీద కేసూ గీసూ ఏం రాయొద్దమ్మా."

"పాము కరిస్తే కరిపించుకున్నోని మీద కేసేందమ్మా?"

"ఏమో. పోలీసులతో ఏం మాట్లాడొద్దని వాడే చెప్పినాడు."

వేదశ్రీ ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుంది. కాటును ఫొటో తీసి తమ్ముడు శరత్‌కు పంపింది. శరత్ ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ లెక్చరర్, ఇంట్లోనే మిద్దెమీది గదిలో ఉంటాడు. సెలవులొస్తే కర్ణాటకలోని ఆగుంబె వానఅడవికి పోయి పాములనూ కప్పలనూ ఫొటోలు తీస్తాడు. ఏ పామని అడిగింది.

నిమిషంలో జవాబు వచ్చింది. "రక్తపింజరే అక్కా."

ఎవరిని కరిచిందని అడగలేదు. బతికున్నాడా అనీ అడగలేదు.

*

పదకొండుకు కానిస్టేబుల్ బాబు ఫోన్ చేశాడు.

"మేడమ్, గట్టంతా తిరిగినా. మోటారు లేదు, కరెంటు స్తంభం గూడా లేదు. అంతా కంపచెట్లు."

"ఎవరినైనా అడిగినావా?"

"చేపలు పట్టేటోల్లు ఉండారు. నిన్న సాయంత్రం ఒక ఎనుము తప్ప ఎవురూ రాలేదంట. ఎనుము స్టేట్‌మెంట్ తీసుకోమంటారా?"

"దానికి నీకన్నా బుద్ధి ఉంటుంది. వచ్చేయ్."

వార్డులోకి పోయి షాహిద్ ఫోన్ అడిగింది. బిస్మిల్లా బీ తటపటాయించి ఇచ్చింది. నిన్న సాయంత్రం నాలుగూ పదికి ఒక కాల్ వచ్చింది. పేరు లేదు, నంబరు మాత్రమే.

ఆ నంబరు వేదశ్రీకి చూడకుండా చెప్పడం వచ్చు.

వరండాలో బెంచీ మీద కూర్చుంది. కాళ్లు లాగుతున్నాయి. కాసేపు ఏమీ అనుకోకుండా ఉండాలనిపించింది. వీలు కాలేదు.

శరత్ స్టేటస్ తెరిచింది. "ఆగుంబె వానలో, ఆగస్టు. ఆదివారం పులివెందులలో నా ఎగ్జిబిషన్." కింద ఫొటో. ఎండుటాకు మీద చుట్ట చుట్టుకున్న చిన్న గోధుమరంగు పాము. ముక్కు కొన పైకి లేచి ఉంది. చుట్టూ నీటి చుక్కలు. ఇంట్లో ఈ ఫొటోను ఎన్నిసార్లు చూపించాడో లెక్కలేదు. చూసినవాళ్లంతా పాము కళ్లు చూసి భలే అన్నారు.

ఆమె ఈసారి పామును పక్కకు జరిపి ఆకును పెద్దది చేసింది. చాలాసేపు చూసింది.

లేచి డాక్టర్ దగ్గరికి పోయింది.

"ఈ పాము అయితే?"

మసరత్ ఫోన్ అందుకుని దగ్గరగా చూసింది. "ఇది మన జిల్లా పాము కాదు గదా మేడమ్. పడమటి కనుమలది. దీనికి మన యాంటీవీనమ్ పనిచేయదు. ఇదే కరిచిందని ఖాయంగా చెప్పగలరా?"

"అరగంటలో చెప్తా."

*

ఇంట్లో భోజనాల వేళ. శరత్, అనంతపద్మనాభం తింటున్నారు. వేదవతి వడ్డిస్తోంది.

"వచ్చినావా? కాళ్లు కడుక్కో. చారు వేడిగా ఉంది."

వేదశ్రీ కూర్చోలేదు.

"శరత్, షాహిద్‌కు నిన్న ఎందుకు ఫోన్ చేసినావు?"

"ఏ షాహిద్? ఓ, వైరింగ్... ఫ్యాన్ తిరగడం లేదని."

"వచ్చినాడా?"

"రాలేదు."

"ఆ పాము ఫొటో యాడ తీసినావు?"

"ఆగుంబెలో. ఎన్నిసార్లు చెప్పాల?"

"వానలోనేనా?"

"వానలోనే. చుక్కలు కనపడలేదా?"

వేదశ్రీ ఫోన్ తీసి అతని కంచం పక్కన పెట్టింది. "పామును వదిలెయ్. ఆకును చూడు. ఆరిపోయిన చుక్కల అంచున తెల్లగా ఏముంది?"

శరత్ చూడలేదు. వేదవతి చారు గిన్నె పట్టుకునే వంగి చూసింది.

"మన బోరు నీళ్ల మరకలు గదా అవి! దినామూ చెంబుల మీద, కుళాయి మీద చింతపండు పెట్టి తోమలేక చస్తాండా. నాకు తెలీదా..."

కొడుకు ముఖం చూసి ఆగిపోయింది.

"వాననీళ్లలో ఉప్పుండదమ్మా. ఆరితే మరక మిగలదు. ఇది అడవి కాదు. మన మిద్దెమీది గది. బాత్రూం నీళ్లు స్ప్రే కొట్టి తీసినాడు. అంటే ఆ పాము మన ఇంట్లో ఉంది. శరత్, షాహిద్ వేలు ఎట్ల కరిచింది?"

శరత్ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"రాత్రులన్నీ హెడ్‌ల్యాంప్ పెట్టుకుని తిరిగినానక్కా. కాళ్లకంతా జలగలు. లెన్సు లోపల తేమ పట్టేసింది. ఒక్క ఫ్రేమ్ సరిగా రాలే. చివరి దినం ఆకుల్లో ఇది కనపడింది. ఆ పొద్దే కెమెరా ఆన్ కాలేదు. ఏం చేయాల? డబ్బాలో పెట్టుకుని బస్సెక్కినా."

"షాహిద్?"

"నిన్న ఇంకో యాంగిల్‌లో తీద్దామని ఫ్లాష్ పట్టుకునేదానికి పిలిచినా. ఆకు కొంచెం జరపమన్నా."

"కింద పాముందని చెప్పినావా?"

"ఆ పక్కన ఉందనుకున్నా."

"అసలు పాము ఉందని చెప్పినావా?"

అనంతపద్మనాభం కంచం ముందునుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏటిగట్టు మాట ఎవరిది?"

"నాదే. నిజం చెప్తే ఫారెస్టు కేసవుతుంది, నీ కువైట్ కాగితాలు ఆగిపోతాయని వానికి చెప్పినా."

"దీనికి మందు పనిచేయదని నీకెప్పుడు తెలుసు?"

"రాత్రి చదివినా."

"తెలిసే పొద్దున నాకు రక్తపింజరని పెట్టినావు."

అతను కంచం పక్కనున్న ఫోన్‌ను ఆమె వైపు జరిపాడు.

వేదశ్రీ అక్కడే నిలబడి డాక్టర్‌కు ఫోన్ చేసింది. అవును, అదే పాము. ఖాయం. అవతలి మాటలు అందరికీ వినిపించాయి. "యాంటీవీనమ్ ఆపేస్తున్నా మేడమ్. ప్లాస్మా ఎక్కిస్తూ కడపకు పంపుతా, డయాలసిస్ అవసరమవుతుంది. అంబులెన్సు అరగంటలో బయలుదేరుతుంది. టైముంది. ఇంకా ఉంది."

"పాము ఇప్పుడు యాడుంది?" అంది ఫోన్ పెట్టేసి.

"పైనే. డబ్బాకు మూత బిగించినా."

వేదవతి గిన్నె కింద పెట్టి పీట మీదికెక్కి నిలబడింది.

శరత్ ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఏ పామో చెప్పేసినావు గదక్కా. వాడు బతుకుతాడు. ఏటిగట్టునే ఉండనీ. వాడు గూడా అదే చెప్తాండాడు గదా. నా ఉద్యోగం ఉంటుంది, వాని కువైట్ ఉంటుంది. ఎవరికి నష్టం?"

ఆ మాట దారిలో వేదశ్రీకి కూడా తట్టింది. అందులో సగం నిజం.

"పాపా," అన్నాడు అనంతపద్మనాభం.

ఆమె కుర్చీ లాక్కుని, ఆ పొద్దు మొదటిసారి ఇంట్లో కూర్చుంది.

"అందరూ వినండి. ఈ క్షణం నుంచి కేసు నాది కాదు. సీఐ గారికి చెప్పేస్తా. నేను సాక్షిని. ఫోన్ కాల్, ఫొటో, ఇప్పుడు వీడు చెప్పిన మాటలు, అన్నీ స్టేట్‌మెంట్ ఇస్తా. షాహిద్ అబద్ధం భయంతో చెప్పినాడనీ, భయపెట్టింది నా తమ్ముడేననీ రాయిస్తా. అయినా వాని కాగితాలు ఆగితే ఆఫీసుల చుట్టూ నేనే తిరుగుతా. ఫారెస్టోళ్లకు వీడే ఫోన్ చేసి పామును అప్పజెప్తాడు. పులివెందుల ఎగ్జిబిషన్ లేదు."

"వాడింకా మజ్జిగన్నం తినలేదే," అంది వేదవతి పీట మీది నుంచే, సన్నగా.

"తినేసి రానీమ్మా. స్టేషన్‌కు తర్వాత. ముందు ఆస్పత్రికి. అంబులెన్సులో కడప దాకా షాహిద్ పక్కన కూర్చునేది వీడే. వాణ్ణి ఏ పాము కరిచిందో, యాడ కరిచిందో, బిస్మిల్లా బీకి వీడే చెప్తాడు."