చిన్న పనికి పెద్ద నంబరు

"దిగు బావా, నీతో పనుంది" అంది సుభద్ర, కిటికీ ఊచ పట్టుకుని.

మెయిలుకు దారివ్వడానికి పాసింజరును కోటబొమ్మాళిలో పక్క లైను మీద ఆపేశారు. తెల్లారినప్పటి నుంచి ఒకటే ముసురు. కలకత్తా తిరిగి వెళుతున్న నరసింగరావు తడుస్తూనే దిగాడు.

ఆమె చేతిలో కవరుంది. పాతపట్నం మేష్టారి సంబంధానికి సరేనంటూ ఆమె తండ్రి జగన్నాధం రాసిన ఉత్తరం. ఈ బండి తపాలా బోగీకున్న ఉత్తరాల పెట్టెలోనే వేసి రమ్మన్నాడు.

"నువ్వెళ్ళి పదకొండు నెల్లయింది, ఒక్క ఉత్తరం ముక్క లేదు. వచ్చి మూడ్రోజులున్నావు, మా గుమ్మం తొక్కలేదు. అంత పనేటి బావా?"

"ఆఫీసులో కొత్త కంప్యూటర్ దిగింది. నాలుగు పనులు ఒక్కసారే నడుస్తాయి. ఏది ముందో ఏది వెనకో నేనే నంబర్లెయ్యాల. పెద్ద నంబరున్నదే ముందు."

"ఎలాగేస్తావు?"

అతని మొహంలోకి హుషారొచ్చింది. "పెద్ద లెక్కకి పెద్ద నంబరిచ్చేవనుకో, అది మెషీన్ని ఒదలదు. చిల్లుల కార్డులు చదవడం, ప్రింటు కొట్టడం లాంటి వాటికి రెప్పపాటు సాలు. ఆ రెప్పపాటూ దొరక్క పడుంటాయి. అందుకే చిన్న పనికే పెద్ద నంబరెయ్యాల. మిగిలిన టైములో పెద్దది ఎలాగూ అయిపోతాది."

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి వారంలోనే నేర్పారు."

"మరి నాలుగు లైన్ల ఉత్తరానికి ఏ నంబరేసేవు?"

అతను తల దించుకున్నాడు. స్టేషను చూరు నీళ్ళు ఇద్దరి మధ్యా ధారగా పడుతున్నాయి.

"నువ్వెక్కడికీ పోవనుకున్నాను" అన్నాడు.

"నేనూ అలాగే అనుకున్నాను."

మెయిలు వాననీళ్ళు చిమ్ముకుంటూ దూసుకుపోయింది. పాసింజరుకు సిగ్నల్ పడింది.

"అది వెయ్యకు సుభద్రా. నాకు నువ్వే కావాల."

"ఇక్కడ నాకు సెప్తే సాలదు. ఇంటికొచ్చి నాన్నకి సెప్పు."

"రేపు డ్యూటీలో లేకపోతే ఉద్యోగం ఉంటాదో ఊడతాదో!"

"అయితే ఎక్కు. బండి పోతాది."

ఆమె తపాలా పెట్టె వైపు నడిచింది. గార్డు విజిల్ వేశాడు. కవరు పెట్టె నోటిదాకా వెళ్ళింది. వెనక ట్రంకుపెట్టె దబ్బున పడిన చప్పుడు. కవరు చేతిలో ఉండగానే బండి కదిలిపోయింది.

తిరిగి చూస్తే నరసింగరావు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు, తన ట్రంకుపెట్టె లేవనెత్తుతూ.

"మావ ఏటంటాడు?"

"తిడతాడు" అంది సుభద్ర. నవ్వలేదు. "తిట్టడానికైనా మనిషి ఎదట ఉండాల కదా. నడు."