ముఖం గుర్తించబడలేదు

"ముత్యాన్ని ఇవాళ చంపబోతున్నారు."

పెద్దాయన పద్ధతే అంత. కూర్చోమనడం, కుశలం అడగడం ఉండవు. డిపార్ట్‌మెంట్‌కి ఆయన చీఫ్. ఎదురుగా నిలబడ్డవాడు డిపార్ట్‌మెంట్ మొత్తానికీ వేషాల బాబాయ్. అసలు పేరు జీతాల సెక్షన్‌కి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన గుడ్డి బిచ్చగాడయ్యాడు, ఓడ కెప్టెనయ్యాడు, ఒకసారి శత్రువు ఇంటికి వంటావిడగా వెళ్లి మంచి పేరు కూడా తెచ్చుకున్నాడు. సొంత ముఖాన్ని మాత్రం బయట ఎవరికీ చూపించలేదు.

"ఎక్కడ సార్?" అన్నాడు బాబాయ్.

"స్టేషన్ ఎదురు హోటల్. పై అంతస్తంతా విదేశీ ముఠాదే. బోర్డు మీద మాత్రం ట్రేడింగ్ కంపెనీ. వాళ్ల ప్లానంతా ముత్యం మెమరీ కార్డులో ఎక్కించి, లిప్‌స్టిక్‌లో దాచి బయటికి తెస్తోంది. వాళ్లకి అనుమానం వచ్చింది. లాబీలో ఒక హంతకుణ్ణి కూర్చోబెట్టారు. ఎవరో తెలీదు. తెలిసిన క్షణం ఫోటో నీ ఫోన్‌కి పంపిస్తాను. నువ్వు వెళ్లి వాడి పక్కన నిలబడి రుమాలు తియ్యి. మనవాళ్ల ముఖాలు ముఠాకి తెలుసు కాబట్టి తలుపు బయటే ఉంటారు, రుమాలు చూసి వచ్చి పట్టుకుంటారు."

"ముత్యాన్ని రావద్దంటే?"

"ఎలా చెప్తాం? పై అంతస్తులో అందరి ఫోన్లూ వాళ్లే లాక్కుని పెట్టుకుంటారు. పైనే ఉండిపోయినా చంపేస్తారు."

ముఠా పార్టీల్లో పాటలు పాడుకునే ముత్యాన్ని ఈ పనిలోకి దింపింది బాబాయే. ఆ అమ్మాయి ముఠా దగ్గర జీతం తీసుకుంటూ మనకి పనిచేస్తోంది. కట్టిన ప్రతి చీరకీ తగ్గ ముత్యాల దుద్దులు పెట్టుకుని, నవ్వుతూ పులి బోనులో తిరుగుతోంది. "ఏ రోజు నీకు ప్రమాదమొచ్చినా ఆ గదిలో నేనుంటాను" అని ఆయన మాటిచ్చాడు. ఆ మాట తప్ప ఆమెకి వేరే రక్షణ లేదు.

*

టెక్నికల్ సెక్షన్ హెడ్ అసలు పేరు కూడా ఎవరికీ పట్టదు. ఎప్పుడూ వైర్ల మధ్యే ఉంటుంది కాబట్టి అందరికీ వైరమ్మే. బల్ల మీద కొత్త ఫోను పెట్టి, బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇది లొకేషన్ బాబాయ్. ఆన్ చేస్తే మీరెక్కడున్నారో మాకు తెలుస్తుంది."

"గూఢచారి ఎక్కడున్నాడో వాడి జేబే చెప్పేస్తుందా?"

"ఇది క్లౌడ్. మీ ఫోటోలు మీ దగ్గర కాకుండా ఎక్కడో పెద్ద కంప్యూటర్లలో భద్రంగా ఉంటాయి."

"ఎవరి కంప్యూటర్లలో?"

"ఎవరివో లెండి."

"మన రహస్యాలు ఎవరివో చేతుల్లో పడకూడదనే కదమ్మా నేను బతుకంతా పరిగెత్తింది!"

వైరమ్మ నవ్వేసి ముందుకి సాగింది. ఎయిర్‌ప్లేన్ మోడ్ అంటే విమానం ఎక్కనక్కర్లేదని, ఫోన్‌కి బయటి ప్రపంచంతో మాటలు బంద్ అయిపోవడమని చెప్పింది. హాట్‌స్పాట్ అంటే మన ఇంటర్నెట్‌ని పక్కవాడికి పంచడమంది. బాబాయ్ అన్నిటికీ తల ఊపాడు. ముక్క అర్థమైతే ఒట్టు.

"నోటిఫికేషన్‌లో మెసేజ్ కనిపించకుండా పెట్టాను. పక్కవాళ్లు తొంగి చూస్తే కొంప మునుగుతుంది కదా. మీరు లాక్ తీస్తేనే కనిపిస్తుంది. తాళాలు మూడు. మీ ముఖం, మీ వేలిముద్ర, ఒక పిన్ నంబరు. ఏ ఒక్కటి ఉన్నా చాలు."

ఫోన్ ముందు బాబాయ్‌ని కూర్చోబెట్టి ముఖాన్ని అటూ ఇటూ తిప్పించింది. గుండ్రటి ముఖం, నున్నటి గడ్డం, చిన్న ముక్కు. ఫోను అంతా చూసుకుని ఖుషీగా టింగ్‌మంది. తర్వాత వేలు నొక్కించింది. చివరగా పిన్ నంబరున్న చీటీ అందించింది. బాబాయ్ దాన్ని ఒకసారి చదివి, నోట్లో వేసుకుని నమిలి మింగేశాడు. డిపార్ట్‌మెంట్ ఆచారం అది. రాసింది చదవాలి, చదివింది మింగాలి.

"అయ్యో బాబాయ్! గుర్తుందా?"

"ఇలాంటివి ఎన్ని మింగానో! ఒకవేళ మూడు తాళాలూ పనిచెయ్యకపోతే?"

"మూడూ ఎలా పోతాయి? మీరు మరీను!"

బాబాయ్ ధైర్యంగా మేకప్ గదిలోకి వెళ్లాడు. అద్దం ముందు కూర్చుంటే ఆయనకి లోకం గుర్తుండదు. రబ్బరు ముక్కు అతికించాడు. ఛాతీ దాకా నెరిసిన గడ్డం, దాని పైన మీసం, గుబురు కనుబొమలు, సోడాబుడ్డి కళ్లద్దాలు. కప్పుల మీద, తలుపుల మీద ముద్రలు పడకుండా వేళ్ల కొసలకి గట్టి లక్క పూత పూసుకున్నాడు. అద్దంలో ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ ఆయన్ని పరాయివాణ్ణి చూసినట్టు చూశాడు. బాబాయ్ మురిసిపోయాడు.

చదువుతున్న మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. పాపం, ఆయనకి కాలేదు.

*

మధ్యాహ్నం లాబీ నిండా జనం. మూల పియానో దగ్గర కుర్రాడు ఏదో వాయిస్తున్నాడు. చంటిపిల్లాడి బండి తోస్తూ ఒక తల్లి తిరుగుతోంది. వెయిటర్ ఒకడు ఏ బల్ల దగ్గరా ఆగకుండా ట్రే పట్టుకుని చక్కర్లు కొడుతున్నాడు. బాబాయ్ పక్క సోఫాలో బంగారు ఫ్రేము కళ్లజోడు పెద్దమనిషి పత్రిక చదువుకుంటున్నాడు. బాబాయ్‌కి వీళ్లలో పియానో కుర్రాడి మీద అనుమానం, వెయిటర్ మీద ఇంకాస్త అనుమానం.

ఫోను ఒణికింది.

"పెద్దాయన: ఒక కొత్త ఫోటో. చూడటానికి అన్‌లాక్ చేయండి."

బాబాయ్ వేలు పెట్టాడు. "వేలిముద్ర గుర్తించబడలేదు." ఇంకో వేలు పెట్టాడు. అదే మాట. లక్క పూత సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పళ్లతో గీరాడు. రాలేదు. అంత మంచి లక్క తెప్పించినందుకు తన్ను తానే తిట్టుకున్నాడు.

సరే, పిన్. ఒక నంబరు కొట్టాడు. తప్పు. రెండు అంకెలు అటూ ఇటూ మార్చి కొట్టాడు. తప్పు. అది పోయినేడాది బీరువా తాళం నంబరని తర్వాత తట్టింది. ఇంకో రెండుసార్లు కొట్టేసరికి ఫోను విసుక్కుని, కాసేపాగి ప్రయత్నించమంది.

"ఆగడానికి టైముంటే నీతో నాకేం పనే!" అన్నాడు బాబాయ్ పళ్ల బిగువున.

లిఫ్టు పైన ఎర్ర అంకె కదిలింది. పై అంతస్తు నుంచి ఎవరో దిగుతున్నారు. ముత్యమే అయ్యుంటుంది.

లాబీ ఫోనులోంచి పెద్దాయనకి చెయ్యొచ్చు. కానీ నంబరు? ఒకప్పుడు డిపార్ట్‌మెంట్ నంబర్లన్నీ నాలుక మీదుండేవి. "కాంటాక్ట్స్‌లో సేవ్ చేశాను, ఇక మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు" అంది వైరమ్మ. సేవ్ అయిన నంబరు తాళం వెనక హాయిగా ఉంది.

అంతలో దేవుడు కరుణించినట్టు ఫోనే మోగింది. పెద్దాయన! బాబాయ్ ఆత్రంగా పచ్చ గుర్తు నొక్కాడు. అది కాస్త ఎగిరి మళ్లీ అక్కడే కూర్చుంది. ఇంకా గట్టిగా నొక్కాడు. మళ్లీ ఎగిరింది. నొక్కడం కాదు, జరపాలి కాబోలనుకుని కిందికి జరిపాడు. పైకి జరపాలని ఆయనకి ఎవరు చెప్పారు? ఫోను కట్టయింది. పైగా తనంతట తానే పెద్దాయనకి ఒక మెసేజ్ పంపింది: "ఇప్పుడు మాట్లాడలేను. తర్వాత ఫోన్ చేస్తాను."

అవతల పెద్దాయన అది చదివి, "బాబాయ్ పనిలో దిగాడు. ఎవరూ కదిలించకండి" అని ఊపిరి పీల్చుకున్నాడు.

ఇవతల బాబాయ్ తల ప్రాణం తోకకొచ్చింది. హంతకుడి ముఖం చేతిలోనే ఉంది, పల్చటి గాజు పలక వెనక. కత్తులకీ తుపాకులకీ బెదరని మనిషికి ఏడుపొచ్చింది. 'నన్ను నమ్ముకుని వస్తోంది రా ఆ పిల్ల' అనుకున్నాడు.

"ఏమండీ, ఫోన్ తెరుచుకోవట్లేదా?" పక్క సోఫా పెద్దమనిషి పత్రిక మడిచి ఆప్యాయంగా వంగాడు.

"మొండికేసిందండీ."

"కంగారు పడకండి. ముఖం చూపిస్తే తెరుచుకుంటుంది. ఏదీ, ఎత్తి పట్టుకోండి."

బాబాయ్ ఎత్తి పట్టుకున్నాడు. "ముఖం గుర్తించబడలేదు."

పెద్దమనిషి నవ్వాడు. "గడ్డం పెంచకముందు పెట్టుకుని ఉంటారు. మా బావగారిదీ ఇదే గోల. గడ్డం గీయించుకునేదాకా ఫోను ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు."

బాబాయ్ చెయ్యి గడ్డం మీదికి వెళ్లి ఆగిపోయింది.

వేషం తీస్తే అంతే. ఇంతమందిలో, ముఠా కళ్ల ముందు, ఇన్నేళ్లు దాచిన ముఖం బట్టబయలవుతుంది. మళ్లీ ఏ వేషమూ పనికిరాదు. ఆయనకి వేరే పని రాదు, వేరే బతుకూ లేదు. చిత్రమేమిటంటే, అంత ఆలోచించడానికి టైము కూడా లేదు. లిఫ్టు అంకె చివరికొచ్చేసింది.

కళ్లద్దాలు తీసి విసిరేశాడు. కనుబొమలు పీకాడు. గడ్డం, మీసం కలిపి పట్టుకుని ఒక్క లాగు లాగాడు. కొంత తోలు కూడా వచ్చినట్టనిపించి, కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఫోను చూపించాడు. "ముఖం గుర్తించబడలేదు."

"ఓసి నీ మొహం మండా! ముక్కు!"

ముక్కు కూడా పీకేశాడు. పియానో ఆగిపోయింది. చంటిపిల్లాడు గుక్కపెట్టాడు. లాబీలో నలుగురి చేతులు పైకి లేచాయి, ఒక్కో చేతిలో ఒక్కో ఫోను.

టింగ్!

ఫోటో వచ్చింది. మసక మసకగా వచ్చింది. మధ్యలో ఒక గుండ్రటి చక్రం తిరుగుతోంది. హోటల్ వైఫై మరి! వెయిటర్‌లా ఉంది. కాదు, వయసు ఎక్కువ. చక్రం తిరుగుతోంది. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. నీలం చీర, ముత్యాల దుద్దులు, ఆ నవ్వు. బొమ్మ తేటపడింది.

బంగారు ఫ్రేము కళ్లజోడు.

బాబాయ్ పక్కకి తిరిగాడు. సోఫా ఖాళీ. ఆప్యాయమైన ఆ పెద్దమనిషి జేబులోంచి పెన్ను తీస్తూ లిఫ్టు వైపు నడుస్తున్నాడు. పెన్ను కొసన సిరా లేదు, సూది ఉంది.

రుమాలు తియ్యడానికి టైము లేదు. బాబాయ్ పరిగెత్తాడు. సూది ముత్యం మోచేతిని తాకబోతుంటే, ఫోను ఎత్తి వాడి మణికట్టు మీద శక్తికొద్దీ బాదాడు. ఆ ఫోనులో ఎవరూ నేర్పకుండా ఆయనకి అర్థమైన ఫీచరు అదొక్కటే. పెన్ను గిరగిరా తిరుగుతూ పియానో కిందికి పోయింది. కేక విని బయటున్న మనవాళ్లు లోపలికి దూకారు.

ముత్యం ఆ ఎర్రబారిన ముఖాన్ని, జిగురు అంటుకున్న చెంపల్ని వింతగా చూసింది. "ఎవరండీ మీరు?"

"నేనుంటానని చెప్పాను కదమ్మా."

గొంతు విని ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. "మీరా! ఇన్నేళ్లూ మిమ్మల్ని ఇంకా ముసలివారనుకున్నాను" అంటూ లిప్‌స్టిక్ ఆయన చేతిలో పెట్టింది.

*

మర్నాడు పెద్దాయన మొదటిసారి కూర్చోమన్నాడు. దాంతోనే బాబాయ్‌కి విషయం అర్థమైంది.

"ప్లాన్ దొరికింది. ముఠా మొత్తం లోపలుంది. కానీ ఆ లాబీ వీడియో ఊరంతా పాకింది. ఇక నీకు ఫీల్డ్ పని లేదు."

బాబాయ్ తల దించుకుని, బస్సెక్కి టెక్నికల్ సెక్షన్‌కి వెళ్లాడు. దారిలో బస్సు కండక్టర్ సెల్ఫీ అడిగాడు. గేటు దగ్గర కాపలా మనిషి "ముక్కు పీకే సార్!" అని ఎగిరి సెల్యూట్ కొట్టాడు.

వైరమ్మ పగిలిన ఫోనుని అటూ ఇటూ తిప్పి పెదవి విరిచింది. "ముందు వైపు కెమెరా పూర్తిగా పోయింది బాబాయ్. ఇక ఇది మీ ముఖాన్ని గుర్తుపట్టదు."

"పోనీలే అమ్మా" అన్నాడు బాబాయ్. "అదొక్కటన్నా గుర్తుపట్టకుండా ఉండనీ."