పేరు ఎత్తకూడని మనిషి

"నువ్వు మెడలో ఈల వేసుకున్నప్పటి నుంచి ఈ ఇంట్లో పొయ్యి వెలిగించేది నేనే" అంది మాతోలో, జావ గిన్నె అంచుకి గరిటె ఠంగుమని కొట్టి. "కోడలొస్తే అత్త కూర్చుని టీ తాగుతుందంటారు. నాకా రాత రాసిపెట్టి లేదు."

నోజిబేలె గస్తీ జాకెట్టు విప్పి తలుపు వెనక తగిలించింది. తలగుడ్డ సర్దుకుని, భుజాల మీద శాలువా కప్పుకుని, అత్తగారి చేతిలోంచి గరిటె అందుకోబోయింది. ముసలావిడ ఇవ్వలేదు.

రెండేళ్లుగా నోజిబేలె రోజూ తెల్లారకముందే లేచి వెళ్తోంది. వీధిలో మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి, పక్కనున్న ఈస్ట్ లండన్ పట్నంలో ఇంటిపనులకి వెళ్లే ఆడపిల్లల్ని, ఆసుపత్రి ఆయాల్ని వ్యాన్ల స్టాండు దాకా దిగబెట్టి వస్తుంది. జీతం లేదు, బత్తెం లేదు. ఆ దారిలో సంచులు లాక్కునేవాళ్లు ఎక్కువయ్యారని మ్డాంట్సానేలోని ఆ వీధివాళ్లు తమకు తామే పెట్టుకున్న గస్తీ అది. ఆ గస్తీకి నాయకుడు మాతోలో పెద్దకొడుకు పకామిలే. నోజిబేలెకి బావగారు.

ఆ శనివారం గరిటె చప్పుడు పొయ్యి గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

నోజిబేలె భర్త మ్వెలేలి లోపల్నుంచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "మధ్యాహ్నం మీటింగులో ఏం మాట్లాడబోతున్నావ్?"

"చూసిందే."

"ఎవర్ని చూశావ్? పేరు చెప్పు."

నోజిబేలె భర్త మొహంలోకి చూసింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఇంత పిరికిమాట అతని నోట ఆమె వినలేదు. కోడలు మామగారి పేరూ బావగార్ల పేర్లూ పలకకూడదు. కాపురానికొచ్చిన మొదటిరోజే ఆడబడుచులు ఆ పేర్లు చెవిలో చెప్పి నోటికి తాళం వేస్తారు. ఆ పేరులా వినిపించే మామూలు మాటలకి కూడా నోజిబేలె వేరే మాటలు వెతుక్కుని బతుకుతోంది. అది మర్యాద. ఆ మర్యాద ఆమెకు బరువనిపించలేదు, మొన్నటిదాకా.

మొన్న పకామిలే గస్తీవాళ్లకి కబురు పంపాడు. ఇవాళ కింది సందు వద్దు, పై దారిన వెళ్లండి అని. కింది సందులో ఉండే సినాజో అనే పిల్ల గస్తీ కోసం చూసి చూసి, పనికి ఆలస్యమవుతుందని ఒంటరిగా బయల్దేరింది. ఇద్దరు మీద పడి సంచి లాక్కుని అరచేయి కోసేశారు. పిల్ల ఇంకా రాలేదేమని వెనక్కి తిరిగిన నోజిబేలె, మంగలి కొట్టు వెనక ఆ ఇద్దరూ ఆ సంచిని ఎవరి చేతికిచ్చారో చూసింది. ఆ చేతులు గస్తీ జాకెట్టువే, మొహం బావగారిది. కంచే చేను మేసింది.

అంతటితో ఆగినా బాగుండును. పొద్దెక్కేసరికి నేరం చికొండి మీద పడింది. చికొండి మలావీ నుంచి వచ్చి కింది సందులో చెప్పులు కుట్టుకునే మనిషి. పరాయివాడు, ఆ సందులోనే ఉంటాడు, ఇంకేం సాక్ష్యం కావాలి? ఆ మాట మొదట అన్నది పకామిలేయే. మీటింగు చికొండిని వెళ్లగొట్టడానికి. వెళ్లగొట్టడమంటే కిరసనాయిలూ అగ్గిపుల్లా అని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ఇంటి గుట్టు వీధిలో పెడతావా?" అంది మాతోలో. "తమ్ముడు చేసినా అన్న చేసినా మనలో మనం కూర్చుని తిట్టుకుంటాం. అవసరమైతే నేనే వాణ్ణి చెప్పుతో కొడతాను."

"ఎప్పుడు కొడతారు అత్తయ్యా? చికొండి ఇల్లు కాలాకా?"

"వాడు మనవాడా?"

"సినాజో మనది కాదా? దాని పురుడు మీరే పోశారుగా!"

"నోరు ముయ్యి!" మ్వెలేలి బల్ల మీద చరిచాడు. "నాన్న పోయాక నన్ను చదివించింది అన్న. వాడి మీద నువ్వు వేలెత్తి చూపిస్తే నేను ఈ వీధిలో ఎలా తిరగను?"

"తలెత్తుకుని తిరగండి. ఆ పిల్ల మాత్రం చేతికి కట్టు కట్టుకుని తిరుగుతోంది."

మాతోలో కోడలి ఎదురుగా వచ్చి నిలబడింది. "విను. పేరెత్తావంటే ఈ పూటే మీ పుట్టింటికి పో. మేకని తోలుకొచ్చి, బ్రాందీ సీసా పెట్టి, మీ పెద్దవాళ్లు తప్పయిందని మోకాళ్ల మీద కూర్చునేదాకా ఈ గడప తొక్కనివ్వను."

"నా భయం పుట్టింటి గురించి కాదు" అంది నోజిబేలె. ఏడుపు వస్తోందని ఆమెకి తన మీదే మండుకొచ్చింది. "నేనా పేరు పలికితే జనం దొంగతనం వదిలేసి నా నోరు పట్టుకుంటారు. మర్యాద లేని కోడలంటారు. అది ఆయనకి తెలుసు. అందుకే అంత ధీమా."

జావ అడుగంటి కమురు వాసన వచ్చింది. ఎవరూ తినలేదు.

మధ్యాహ్నం బడి హాలు నిండిపోయింది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. తలుపు దగ్గర చికొండి టోపీ రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అతనికి ఎవరూ కుర్చీ ఇవ్వలేదు. బల్ల వెనక పకామిలే, ఉతికి ఇస్త్రీ చేసిన గస్తీ జాకెట్టులో. ముందు ప్రార్థన చేయించాడు. దేవుడి పేరు మాత్రం వాడు బాగా పలుకుతాడు.

"ఎవరికైనా ఏమైనా తెలిస్తే ఇప్పుడే చెప్పండి" అన్నాడు.

నోజిబేలె లేచింది. "నేను చూశాను. సంచి చికొండి తియ్యలేదు. ఇద్దరు తీశారు. తీసుకెళ్లి ఇంకొకరి చేతికిచ్చారు."

హాల్లో కలకలం రేగింది. పకామిలే చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. వాడి గొంతులో తేనె కారింది. "చెప్పమ్మా, భయపడకు. ఎవరి చేతికి?"

"మా ఆయన కంటే పెద్దవాడు. మా ఇంటి మనిషి."

"మీ ఇంటిపేరువాళ్లు ఈ కొండ మీద వందమంది ఉన్నారు. అందరూ మీ ఆయనకి అన్నలే." వాడు మగవాళ్లవైపు తిరిగి నవ్వాడు. కొందరు వాడితో పాటు నవ్వారు. "పేరు లేని దొంగని ఎలా పట్టుకోవాలి? పేరు చెప్పు."

ఆడవాళ్లంతా నోజిబేలెవైపే చూస్తున్నారు. వాళ్లలో సగం మందికి విషయం అర్థమైపోయింది. అయినా ఒక్కరూ కదల్లేదు. ఎవరి అత్తలు వాళ్లకున్నారు.

"పాపం, పేరే లేదు" అన్నాడు పకామిలే. "మా తమ్ముడి భార్యకి నేనంటే పడదు, అందరికీ తెలిసిందే. పోనీ, నన్నే అనుమానిస్తోందనుకుందాం. ఆ పొద్దున నేను మా అమ్మ దగ్గర కూర్చుని టీ తాగుతున్నాను. అమ్మ ఇక్కడే ఉంది, అడగండి. అమ్మా, చెప్పు."

మాతోలో ముందు వరసలో ఉంది. నోరు మూసుకుని కూర్చోవడానికే వచ్చింది ఆవిడ. కడుపున పుట్టినవాడి కోసం నోరు మూసుకోవడం ఏ తల్లికీ కొత్త కాదు. కానీ వాడు నోరు మూసుకోమనలేదు. తెరవమన్నాడు. తెరిచి, ఇంతమంది ముందు, తాను పురుడు పోసిన పిల్ల ముందు, అబద్ధం ఆడమన్నాడు. అమ్మ కాదంటుందేమోనన్న సందేహం కూడా వాడి మొహంలో లేదు. అది ఆవిడని కాల్చేసింది.

ఆవిడ లేవలేదు. ఇంతలో నోజిబేలె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "చెప్తాను" అంది. "మేకైనా సరే, పుట్టిల్లైనా సరే. ఆ మనిషి..."

"ఆగు!"

మాతోలో ఆ అరుపు అరిచేసరికి చంటిపిల్ల ఒకతి ఉలిక్కిపడి ఏడ్చింది. ముసలావిడ కర్ర ఊతంతో లేచి నిలబడింది. "నా కోడలు ఆ పేరు పలకదు. మా ఇంటికొచ్చిన రోజు నుంచి ఒక్కసారి పలకలేదు. ఇంత మర్యాదగల పిల్ల నోటిని అడ్డం పెట్టుకుని దొంగలు దాక్కుంటారా? సిగ్గులేదూ?" బల్లవైపు తిరిగింది. "వాణ్ణి కన్నది నేను. వాడికి పేరు పెట్టింది నేను. ఆ పేరు నేను ఎత్తితే అడిగేవాడెవడు? పకామిలే! సంచి తీసుకున్నది పకామిలే. ఆ పొద్దున వాడు నా దగ్గరికి రాలేదు. నేను వాడికి టీ ఇవ్వలేదు."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. "అమ్మా, నీకు మతి..." అంటూ పకామిలే బల్ల దాటి రాబోయాడు. మగవాళ్ల వరసలోంచి మ్వెలేలి లేచి దారికి అడ్డంగా నిలబడ్డాడు. తప్పుకోలేదు. సినాజో తల్లి పోలీసులకి ఫోన్ చేస్తోంది. చికొండిని ఎవరో కూర్చోబెట్టారు.

మాతోలో కర్ర ఊతంగా బయటికి అడుగేసింది. నోజిబేలె పరుగున వచ్చి పట్టుకుంది.

"వదులు" అంది ముసలావిడ. కన్నీళ్లు ముక్కు మీదుగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "నీ మీద నాకింకా కోపం తగ్గలేదు."

"నాక్కూడా, అత్తయ్యా."

"నా కొడుకే. ఎంతైనా నా కొడుకే."

"అవును."

మాతోలో కోడలి చెయ్యి వదిలించుకోలేదు. ఇద్దరూ అలాగే తలుపు దాకా నడిచారు. గుమ్మం దగ్గర ముసలావిడ ఆగింది. "వాడి పెళ్లాం ఒక్కతే ఉంది ఇంట్లో" అంది. "ఈ వార్త దానికి ఎవరో చెప్పేలోపు మనం వెళ్లాలి. నువ్వు పక్కనుండు. మాట నేను చెప్తాను."