బయటికొస్తే తగ్గే తలనొప్పి

తెల్లారేసరికి ముసురు పట్టుకుంది. చూరు కింద నిలబడి ఆకాశం వంక చూసిన పెద్దాయన, "ఇవాళ్టికి ఇది వదిలేలా లేదు. బల్ల లోపలికి పట్టరా" అన్నాడు కొడుకుతో.

తండ్రీ కొడుకూ ఇస్త్రీబల్లని వీధిలోంచి ముందుగదిలోకి చేర్చారు. వానాకాలంలో ఆ ఇంటి పద్ధతే అంత. తలుపు వేసేస్తారు. కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కుతారు. చెమ్మగాలి తగిలితే మడతలు జావగారిపోతాయి, బట్టలిచ్చినవాళ్ళు మొహం చిట్లిస్తారు. బొగ్గులు మాత్రం చూరు కిందే రాజేసి, పొగంతా పోయి ఎర్రగా కణకణలాడాకే ఇస్త్రీపెట్టెలో పోసి లోపలికి తెస్తారు. పొగ లేదు కనుక హాని లేదని పెద్దాయన తండ్రి నాటి నుంచీ ఆ ఇంట్లో నమ్మకం. కరెంటు పెట్టె ఒకటి ఉంది కానీ, వాన పడితే ముందు పోయేది కరెంటే. పైగా బరువు లేదని పెద్దాయన దాన్ని పిల్లలాడుకునే బొమ్మ అంటాడు.

కొడుకు ఇస్త్రీ బట్టల మూటకి ప్లాస్టిక్ పట్టా చుట్టి సైకిలెక్కాడు. కోడలు బల్ల పక్కన కూర్చుని బట్టల మీద నీళ్ళు చిలకరిస్తోంది. ఆమెకిప్పుడు ఆరో నెల.

"అత్తయ్యా, తల పగిలిపోతోంది. కాసేపు తలుపు తీద్దామా?"

"తీస్తే ఈ చొక్కాలన్నీ మళ్ళీ మొదటినుంచీ నువ్వు చేస్తావా?" వెనకగదిలో గ్యాస్ మీద వంట చేస్తున్న అత్త అక్కణ్ణుంచే అడిగింది.

"వికారంగా కూడా ఉంది."

"ఆరో నెలలోనూ వేవిళ్ళేనా మహారాణికి? మాకు రాలేదా తలనొప్పులు? తలకి గుడ్డ బిగించి కట్టుకుని పని చేసుకున్నాం."

పెద్దాయన బల్లకి ఆనుకుని అప్పుడే కునుకు తీస్తున్నాడు. ముసురు పడితే చాలు, ఆయనకి నిద్ర ముంచుకొస్తుంది. వయసు మీద పడిందని అందరూ సరిపెట్టుకున్నారు. కోడలు లేచి తనే ఇస్త్రీపెట్టె అందుకుంది.

కమురు వాసనకి అత్త పరుగున వచ్చింది. పెళ్ళికని ఎవరో ప్రత్యేకంగా ఇచ్చిన తెల్లచొక్కా వీపు మీద గోధుమరంగు మరక, అచ్చం ఇస్త్రీపెట్టె ఆకారంలో. కోడలు పిడి పట్టుకునే ఉంది. చూపు మాత్రం ఎటో ఉంది.

"నిద్రపోతున్నావా నిలబడి! ఏమే, నీకు చేతులున్నాయా, అద్దెకి తెచ్చుకున్నావా?"

ఆ కేకకి పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. అదే సమయానికి తడిసి ముద్దయిన కొడుకు తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏమైందమ్మా?"

"నీ పెళ్ళాన్నే అడుగు. పొద్దున్నే తలనొప్పంటుంది. వీధిలోకి కూరలకి పంపిస్తే నవ్వుతూ తిరిగొస్తుంది. పుట్టింటికెళ్తే వారం రోజులూ తలనొప్పన్న మాటే లేదట. ఇంట్లోకొచ్చి పని ముందు కూర్చుంటే మళ్ళీ మొదలు! ఇది తలకొచ్చిన నొప్పి కాదురా, పనికొచ్చిన నొప్పి."

"అమ్మా, కడుపుతో ఉన్న మనిషిని..."

"నేను మోయలేదా నిన్ను? బల్ల దగ్గర నిలబడే మోశాను!"

కోడలు పెట్టెని నెమ్మదిగా దాని దిమ్మ మీద పెట్టింది. ఎప్పుడూ గొంతెత్తని పిల్ల. ఇప్పుడూ ఎత్తలేదు.

"నేను నటిస్తున్నానని మీకుంటే, నన్ను మా అమ్మ దగ్గరికి పంపించెయ్యండి అత్తయ్యా. ఈ గదిలోకి వచ్చాక బిడ్డ కదలడం కూడా తగ్గుతోంది. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇది కూడా నాటకమే అంటారని."

పెట్టెలో బొగ్గొకటి చిటపటలాడింది.

"సరే, పద" అంది అత్త కొంగు నడుముకి దోపుకుంటూ. "డాక్టరమ్మ దగ్గరే తేల్చుకుందాం. నీకేం లేదని ఆవిడ నోటితోనే చెప్పిస్తాను."

ఒకే గొడుగు కింద ఇద్దరూ నడిచారు. వీధి మలుపు తిరిగేసరికి కోడలి మొహం తేటపడింది. బడిగోడ దాటేసరికి నడక చురుకైంది. అత్త కంటి కొసలతో అంతా గమనిస్తూనే ఉంది. దొరికిపోయావులే అనుకుంది.

ఆసుపత్రిలో నర్సు టేపుతో కడుపు కొలిచి, మళ్ళీ కొలిచి, డాక్టరమ్మ చెవిలో ఏదో చెప్పింది. డాక్టరమ్మ కలం తీసుకుని, "ఇంకేమైనా ఇబ్బంది ఉందా అమ్మా?" అంది.

కోడలు నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "ఏముంటుందండీ! తలనొప్పట, మత్తట. ఇంట్లో ఉన్నంతసేపే. గుమ్మం దాటి బయటికి అడుగుపెడితే చాలు, ఊదేసినట్టు పోతుంది. అలాంటి తలనొప్పి ఎక్కడైనా ఉంటుందా? మీరే చెప్పండి!"

రాస్తున్న కలం ఆగింది.

"ఆ మాట మళ్ళీ చెప్పండి."

అత్త కాస్త తడబడింది. "అదే... బయటికొస్తే తగ్గిపోతుంది."

"ఇంట్లో ఏం కాలుస్తారు?"

"కాల్చేదేం లేదండీ. పొగన్నది రానివ్వం. బొగ్గులు బాగా రాజుకున్నాకే ఇస్త్రీపెట్టెలో పోసి, లోపలికి తెచ్చి, తలుపేసి..." అత్త మాట మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకాగిందో ఆమెకే తెలియలేదు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "బొగ్గు నుంచి పొగే కాదమ్మా, ఇంకో గాలి కూడా వస్తుంది. దానికి రంగుండదు, వాసన ఉండదు. తలుపులు మూసిన గదిలో నిండిపోతుంది. అది పీలిస్తే తలనొప్పి, వికారం, నిద్ర. బయటి గాలి తగిలితే మనిషి తేరుకుంటుంది. మీ కోడలు నిజమే చెప్పింది. మీరు చెప్పింది కూడా నిజమే."

"మరి బిడ్డకి?"

"తల్లి గుమ్మం దాటి బయటికొస్తుంది. బిడ్డ ఎలా వస్తుంది? తల్లి పీల్చిందే దానికి గాలి. తల్లి తేరుకున్నంత త్వరగా అది తేరుకోదు. ఎదుగుదల కొంచెం తక్కువగా ఉంది. రక్తపరీక్ష రాస్తున్నాను, స్కానింగు కూడా చేయిద్దాం. ఆ గది మాత్రం ఇవాళ్టి నుంచీ మానెయ్యాలి."

నర్సు కోడల్ని బల్ల మీద పడుకోబెట్టి, కడుపు మీద చిన్న పరికరం ఆనించింది. ముందు గరగరమంది. తరవాత, ఎక్కడో దూరాన గుర్రం పరిగెడుతున్నట్టు టకటకటకమంటూ చప్పుడు గదంతా నిండింది.

అత్త కదల్లేదు. ఆ చప్పుడు అంత గట్టిగా ఉంటుందని, అంత తొందరగా ఉంటుందని ఆమె ఎన్నడూ ఊహించలేదు. మూసిన చీకటిగదిలో, తను కుక్కిన గుడ్డల వెనక, తను వేసిన తలుపు వెనక, ఇంత ప్రాణం ఇలా పరిగెడుతూనే ఉందా! ఒక్కసారి తలుపు తియ్యమని అడగడానికి నోరైనా లేకుండా!

ఉన్నట్టుండి ఆమె అడిగింది. "డాక్టరమ్మా, మా వాడికి ముందు నాకు ఇద్దరు పోయారు. ఒకడు కడుపులోనే. ఇంకొకతె పుట్టిన పూటకే, ఇంతే ఉండేది." అరచెయ్యి చాపి చూపించింది. "ఇద్దరూ వానల్లోనే. వీడు మాత్రం ఎండాకాలం కాన్పు. బల్ల వీధిలో చెట్టుకింద ఉండేది. నా కడుపుకే అచ్చిరాలేదని మా అత్త అంది. నేనూ అదే అనుకున్నాను ఇన్నాళ్ళూ."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "దానివల్లేనని ఇప్పుడు చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. కానీ మీ కడుపుది తప్పని మాత్రం ఎవరూ చెప్పకూడదు."

అత్త తలూపింది. చాపిన అరచెయ్యి అలాగే ఉంది. బల్ల మీద నుంచి కోడలు చెయ్యి చాచి ఆ చేతిని పట్టుకుంది.

మళ్ళీ అదే గొడుగు కింద ఇద్దరూ తిరుగుదారి పట్టారు. గొడుగు మొత్తం కోడలి వైపే ఒరిగి ఉంది. అత్త ఎడమభుజం తడిసిపోతోంది.

"అత్తయ్యా, ఆ పాప ఎవరిలా ఉండేది?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆమెనెవరూ అడగలేదు. అడిగితే కదా జవాబు వెతుక్కునేది. నాలుగడుగులు నడిచాక అంది. "జుట్టు ఒత్తుగా ఉండేదే. నల్లగా, తడిగా. మీ మామయ్య నుదురు." ఇంకో నాలుగడుగులయ్యాక, "నిన్ను నటన అన్నాను కదూ" అంది. కోడలు గొడుగుని ఆమె వైపుకి కాస్త జరిపింది, అంతే.

ఇంటికి రాగానే అత్త కొంగైనా పిండుకోకుండా కిటికీ దగ్గరికి వెళ్ళి, సందుల్లోని గుడ్డలన్నీ లాగి పారేసింది. తలుపులు బార్లా తెరిచింది.

"ఏమిటే ఇది! బట్టలన్నీ చెమ్మెక్కిపోతాయి!" అని పెద్దాయన గాభరాపడ్డాడు.

"ఎక్కనీ. బల్ల బయటికి పట్టండి. చూరుకి పట్టా కట్టరా నువ్వు. కోడలు వెనకగదిలో ఉంటుంది. బొగ్గులు ఈ గడప దాటి లోపలికొచ్చాయా, నేను బయటికి పోతాను!"

"మడతలు నిలవ్వే."

"నిలవకపోతే మానె! ఎవరైనా అడిగితే మా ఇంటికి వచ్చే మనిషికి గాలి కావాల్సి వచ్చిందని చెప్పండి."

డాక్టరమ్మ మాటలు కోడలు చెప్పింది. కొడుకు పట్టా అందుకుని చూరు దగ్గరికి నడిచాడు. పెద్దాయన ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్ళాడు. తండ్రి చేతుల్లోంచి తన చేతుల్లోకి వచ్చిన ఆ పెట్టెని పిడి పట్టుకుని ఎత్తి, కొత్తగా చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత తనే బల్లకి ఒక పక్క పట్టాడు.

మధ్యాహ్నం దాకా పట్టా కింద పని సాగింది. జల్లు మోకాళ్ళకి కొడుతూనే ఉంది. వెనకగదిలో కోడలు పక్కకి తిరిగి పడుకుని, "అత్తయ్యా, కదులుతోంది" అని కేకేసింది. అత్త వెళ్ళి చెయ్యి వేసింది. నిజమే. పొద్దుట ఆసుపత్రిలో విన్న ఆ పరుగే ఇప్పుడు చేతికి తగులుతున్నట్టు అనిపించింది.

బయటి నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. ఆశ్చర్యంగా, కొంచెం భయంగా.

"ఏమేవ్, ఇంత వాన కురుస్తోందా... ఇవాళ నాకు నిద్రే రావట్లేదేమిటే?"

అత్త నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. కోడలి కడుపు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.