నలగని పొగాకు

పెట్టె తెరిచి ఉంది. కాగితాలు లేవు.

1994 ఆగస్టు. గల్ఫ్ తీరంలోని మెసయీద్‌లో ఎరువుల కంపెనీ క్వార్టర్స్. ఇంజినీర్ కృష్ణప్రసాద్ బజారు నుంచి ఏడింటికి ఇంటికొచ్చేసరికి గదిలో ఏసీ ఆపేసి ఉంది. కిటికీ బార్లా తెరిచి ఉంది. తలుపు తాళం మాత్రం పగలలేదు.

పోయినవి తాతగారి కాగితాలు. ఆయన తెల్లదొరల కాలంలో ఒంగోలు దగ్గర వందల ఎకరాల్లో పొగాకు పండించి లండన్‌కు ఎగుమతి చేసిన మనిషి. దస్తావేజులు, వర్తకుల ఉత్తరాలు, అమ్మకాల లెక్కలు. వాటి మీద పుస్తకం రాయడానికి ఒక లండన్ ప్రొఫెసర్ మర్నాడే దిగుతున్నాడు.

అనుమానం తిన్నగా, ఇంటి తాళంచెవి ఉన్న వంటమనిషి మౌలాలి మీదికి పోయింది. కిటికీ చువ్వల్లోంచి ఎవరికో అందించాడట! ఆ పాత కాగితాలు ఎవరికి కావాలో మాత్రం కృష్ణప్రసాద్ చెప్పలేకపోయాడు. తెల్లారితే వీసా క్యాన్సిల్ చేయిస్తానన్నాడు. జగిత్యాలలో మౌలాలి ఇల్లంతా అతని మీదే బతుకుతోంది.

కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్ గౌస్ మొహియుద్దీన్ తొమ్మిదింటికి వచ్చాడు. హైదరాబాద్‌లో పోలీసు ఉద్యోగం చేసినవాడు. అందరూ పోయినవాటి గురించే చెప్పారు. ఆయన మిగిలినవాటిని చూశాడు.

పురుగు పట్టకుండా కాగితాల మధ్య ఉంచిన పొగాకు ఆకులు. మంచం మీద పొందిగ్గా పేర్చి ఉన్నాయి. ఒక్కటీ నలగలేదు.

ఒకటి తీశాడు. ఏసీ మళ్ళీ వేసి రెండు గంటలైంది. ఆకు చేతిలోనే పొడైపోయింది.

"ఇంత పెళుసున్నయి. పలగకుండ ఎట్ల తీసిండంటరు?"

కృష్ణప్రసాద్ తెలియదన్నాడు. చిన్నప్పటి నుంచీ హాస్టల్ చదువేనట. మౌలాలి తాను బీడీ కూడా ముట్టనన్నాడు. కబురు తెలిసి ఐన్ ఖాలిద్ నుంచి కారులో వచ్చిన తమ్ముడు గురుప్రసాద్ మంచం మీది ఆకుల మీంచి కళ్ళు తిప్పలేదు.

గౌస్ గుప్పెడు ఆకులు పట్టుకోబోయాడు.

"అట్టా పట్టుకోబాకండి." గురుప్రసాద్ చెయ్యి అడ్డం పెట్టాడు. పెట్టాక నాలుక కరుచుకున్నాడు.

గౌస్ అతని వంకే చూశాడు.

"కిటికీ కాగితాలు అందియ్యనీకి తెరువలే సార్. సముద్రపు తేమ లోపలికి రావాలని తెరిచిండు. ఆకు మెత్తవడెదాక ఆగిండు. దొంగతనానికొచ్చినోడు ఆకును గింత పైలంగ చూస్తడా? అలవాటున్నోడే చూస్తడు. ఇంటి తాళంచెవి మీ దగ్గర గూడ ఉన్నది గద, గురుప్రసాద్ గారు?"

గురుప్రసాద్ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"పొగాకు కాల్చే బ్యారన్ కాడ మంట కాసింది నేను. ఆకు చిట్లితే నాయన నా తోలు తీసేవాడు. కాగితాలు మాత్రం నీకిచ్చాడు అన్నయ్యా. ఇప్పుడు పుస్తకంలో ఫొటో కూడా నీదే. కుళ్ళుకున్నాను. కుళ్ళి చచ్చాను."

కాగితాలు అతని కారు డిక్కీలో భద్రంగా ఉన్నాయి.

కృష్ణప్రసాద్ మౌలాలిని వంటింట్లోకి పంపి తలుపు వేశాడు. గొంతు తగ్గించి గౌస్‌ను బతిమాలాడు. తమ్ముడి పేరు బయటికొస్తే వాడి ఉద్యోగం పోతుంది, ఇంటి పరువూ పోతుంది. రిపోర్టులో మౌలాలి పేరే ఉండనిమ్మన్నాడు. మౌలాలి ఊరెళ్ళడానికి టికెట్ తనే కొనిస్తాడట.

ఆ మాట విన్న సిగ్గుతో గౌస్ మొహమే ఎర్రబడింది.

గురుప్రసాద్ లేచాడు. అన్న తన కోసం ఒకరిని బతిమాలడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ దానికోసమే ఏడ్చాడు. తీరా దక్కితే అది మౌలాలి పొట్ట కొట్టి దక్కుతోంది.

"వద్దన్నయ్యా," అన్నాడు. "రాసుకోండి సార్. తీసింది గురుప్రసాద్."

తలుపు తీసి, మౌలాలికి ఆ మాట తనే చెప్పడానికి వంటింట్లోకి వెళ్ళాడు.