అద్దం అడుగున చుక్కలు

ఉదయాన్నే స్నానం చేసి దేవుడి గదిలోకి వెళ్ళిన అత్తగారి కళ్ళకి మొదట ఆనింది దేవుడు కాదు, కోడలి ప్లాస్టిక్ పళ్ళెం. దాన్నిండా చిన్న చిన్న గుంటలు, ఒక్కో గుంట మీద బిళ్ళంత అద్దం మూత. తను పనిచేసే ల్యాబ్ పక్కన కొత్త భవనానికి పునాదులు వేస్తున్నారని, ఆ అదురుకి పని పాడవుతోందని కోడలు దాన్ని ఇంటికి తెచ్చింది. ఇంట్లో ఎవరూ ధబధబా నడవని చోటు ఇదొక్కటే అని ఇక్కడ పెట్టింది. "కదపకండి అత్తయ్యా" అంది. అంతే. ఆ అమ్మాయికి మాటలు పొదుపు.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. మూతల అడుగున నీటి బొట్లు వేలాడుతున్నాయి. అయ్యో, చెమ్మ పట్టేసింది అనుకుంది. కదపవద్దంది గానీ తుడవవద్దనలేదు కదా! పళ్ళేన్ని ఉన్నచోటే ఉంచి, ఒక్కో మూతా తీసి మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టసాగింది. సగం మూతలు తళతళలాడుతుండగా గుమ్మంలో కోడలు కనిపించింది.

"ఏం చేస్తున్నారు?"

"చెమ్మ పట్టిందమ్మా, తుడుస్తున్నా. అంచులకి ఏదో జిడ్డు కూడా..."

"గాలి పోకుండా ఆ జిడ్డు నేనే రాశాను! ఆ చుక్కల్లోనే ఉంది నా పనంతా!" కోడలు నేల మీద కూలబడిపోయింది. "ఏడాది కష్టం అత్తయ్యా. ఈసారీ ఫలితం రాకపోతే పని ఆపేయమన్నారు ల్యాబ్‌లో."

ఆ కేకకి కొడుకు నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎక్కడ ఏది ఆగిపోయినా ముందు కారణం వెతుకుతాడు.

"అమ్మకేం తెలుసు? నువ్వు సరిగ్గా చెప్పావా అసలు?"

"కదపొద్దని చెప్పా."

"నేను కదపలేదురా," అంది అత్తగారు.

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు. కోడలి మొహం చూసేసరికి అత్తగారిలో ఏడాదిగా అణిచిపెట్టుకున్నది పొంగింది.

"ఈ చుక్కల మీదున్న ప్రేమ మనుషుల మీదుంటే బాగుండును. మోకాలు చీముపట్టి నేను ఆసుపత్రిలో పడుంటే గుమ్మంలో నుంచుని చూసి వెళ్ళిపోయేదానివి. నన్ను చూసి అసహ్యించుకుంటున్నావేమో అనుకున్నా."

కోడలు తలెత్తింది. "మీ మోకాల్లో చేరిన బాక్టీరియా మీదే ఈ పని. ఈ చుక్కల్లో ఉన్నది దాని ప్రోటీనే."

అత్తగారు గుడ్డ పక్కన పెట్టేసింది.

"ఆ సూక్ష్మజీవులు మామూలుగా ఈదుతూ తిరుగుతాయి. లోపల ఒక చిన్న సంకేత అణువు ఎక్కువైతే, తిరగడం మానేసి ఒకచోట అతుక్కుని, చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. మీ మోకాల్లో వేసిన లోహపు కీలు మీద అలాగే కట్టాయి. మందు లోపలికి దూరలేదు, అందుకే రెండోసారి కోశారు. ఆ అణువుని పట్టుకోడానికి ఈ ప్రోటీన్లో జేబులాంటి భాగం ఒకటుంది. దాని ఆకారం తెలిస్తే, ఆ జేబుని మూసేసే మందు చేయొచ్చు. ప్రోటీన్ స్ఫటికంగా కడితేనే ఎక్స్‌రేతో ఆకారం పట్టగలం. అది కట్టేది ఆ వేలాడే చుక్కల్లో."

"మరి ఈ మాట నాకెందుకు చెప్పలేదే?"

"ఏమని చెప్పను? మీరు మూలుగుతుంటే పక్కన కూర్చునే ధైర్యం లేక ల్యాబ్‌కి పారిపోయాను. ఈ పని కావాలని అడిగి మరీ తీసుకున్నాను. ఏదో చేస్తున్నట్టుండేది. మీ పక్కనే కూర్చోవాల్సింది అత్తయ్యా."

ఆపరేషన్ తర్వాత నేల మీద కూర్చోవడం మానేసిన మనిషి, గోడ పట్టుకుని మెల్లగా కోడలి పక్కన చతికిలబడింది. ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. కొడుకు బ్రష్షు తీసి, మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

"మిగిలిన చుక్కలు బతుకుతాయా?" అడిగింది అత్తగారు.

"చూడాలి."

మర్నాటి నుంచి అత్తగారు వంటింట్లో కుర్చీ వేసుకుని ప్రార్థన చేసుకుంది. దేవుడి గదిలోకి ఎవరినీ పోనివ్వలేదు. కొన్నాళ్ళకి, ఆవిడ తుడవని చుక్కల్లో ఒకదానిలో సూది మొనంత స్ఫటికం మెరిసింది.

ఎక్స్‌రే అయ్యాక కోడలు కంప్యూటర్ తెచ్చి బొమ్మ చూపించింది. "ఇదిగో జేబు. అణువు రాగానే ప్రోటీన్‌కున్న ఈ తోక వచ్చి చుట్టుకుంటోంది."

అత్తగారు తెరకి దగ్గరగా వంగి చూసింది. "ఎంత ఒద్దికగా పట్టుకుందో! నన్నంత ఏడిపించినదానికి దేవుడు ఇంత పనితనం ఎందుకు పెట్టినట్టు?"

"నాకూ తెలీదు అత్తయ్యా."

"నాకు కాలు తిరిగొచ్చినందుకు ఆయనకి రోజూ కృతజ్ఞత చెప్పుకుంటున్నా. నీకు ఒక్కసారీ చెప్పలేదమ్మా. చల్లగా ఉండు."

"నేనేం చేశాను? మందు రావాలంటే ఏళ్ళు పడుతుంది. అప్పటికి మీకు అవసరమే ఉండదు."

"ఇంకెవరో అత్తగారికి ఉంటుందిగా," అంది ఆవిడ, కోడలి తల నిమురుతూ. "ఆవిడ తరఫున కూడా నేనే చెబుతున్నాననుకో."