మూడో ఎలక్ట్రిక్ దుప్పటి

"ఇది రాత్రంతా వేడిగానే ఉంటుందా?"

కౌంటర్ మీద ఎలక్ట్రిక్ దుప్పటి పెట్టి అడిగాడు జోరీ. సెకండ్ హ్యాండ్ షాపులో పనిచేసే మెర్రిన్‌కి ఒళ్లు మండింది. ఈ నెలలో ఇది మూడోది. మొదటిది సింగిల్, తర్వాతవి రెండూ డబుల్.

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారేంటి?"

"నేనూ, మా అమ్మా. అమ్మకి దుప్పటంటేనే చిరాకు."

"మరి ఇవన్నీ ఎవరికి?"

జోరీ చెవులు ఎర్రబడ్డాయి. "చలి కదా..." అని నసిగాడు. వెంటనే మాట మార్చాడు. "ఆదివారం మా ఇంటికి భోజనానికి రాకూడదూ? అమ్మ నిన్ను చూడాలంటోంది."

ఈ తికమక మనిషి మెర్రిన్‌కి నచ్చాడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. నిరుడు ట్రూరో పట్నంలో ఒకాయన ఇలాగే తియ్యగా మాట్లాడి ఉంగరం దాకా వచ్చాడు. తీరా చూస్తే ఆయనకి ఓ పెళ్లాం, ఇద్దరు పిల్లలు! వేడి పాలకి నోరు కాలినవాళ్లు మజ్జిగ కూడా ఊదుకునే తాగుతారు. అప్పట్నుంచీ మెర్రిన్ రేడియోలో వాతావరణం చెప్పేవాణ్ణి కూడా నమ్మడం మానేసింది.

"శనివారం చెప్తాలే," అంది.

శనివారం షాపు ఒంటిపూటే. గొడుగేసుకుని, ఏటి ఒడ్డున ఉన్న జోరీ ఇంటికి చెప్పాపెట్టకుండా బయల్దేరింది. తన కళ్లతో చూసుకోవాలి. అక్కడ ఇంకో ఆడమనిషి గనక ఉంటే ఆదివారమూ లేదు, జోరీ కూడా లేడు.

ఇంటి వెనక పెరట్లో పొడుగ్గా ఓ ప్లాస్టిక్ డేరా ఉంది. లోపల దీపం వెలుగుతోంది. జోరీ గొంతు వినిపించింది.

"కదలకు బంగారం. ఇంకాస్త వెచ్చబడితే నీకే హాయి. నీ అందం చూసి ఊరంతా కళ్లప్పగిస్తుంది, చూడు."

నిప్పు లేనిదే పొగ రాదని ఊరికే అన్నారా! మెర్రిన్ తెర లాగిపారేసి లోపలికి దూసుకుపోయింది. బొంతల కింద ఎవరో పొడుగ్గా పడుకున్నారు. పైన తను అమ్మిన మూడు దుప్పట్లూ పరిచి ఉన్నాయి.

"లేవవే ముందు!" అంటూ దుప్పటి పట్టి గుంజింది.

చెక్కని బిగించి పట్టుకున్న రెండు ఇనప క్లాంపులు ఊడి ఖణేల్మని కింద పడ్డాయి. దుప్పటి కింద ఆడమనిషి లేదు, పడవ ఉంది. దాని పక్క చెక్క అంచు టప్పుమని బయటికి తన్నుకొచ్చింది.

"పట్టుకో! రెండు అరచేతులూ పెట్టి నొక్కు!" అని అరిచి, అటువైపు నుంచి పట్టుకోడానికి జోరీ పడవలోకి దూకాడు. "వదిలావంటే నా మూడేళ్ల పని గంగపాలు!"

మెర్రిన్ నొక్కింది. చెక్కకి ఇవతల ఆమె, అవతల అతను. ఒకరికొకరు కనబడరు.

"ఎంతసేపు?"

"జిగురు పట్టేదాకా. ఓ గంట. చలికి అది గట్టిపడదు, అందుకే దుప్పట్లు."

"ఇంకో క్లాంపు లేదా?"

"పడవ కట్టేవాడికి క్లాంపులు ఎన్నున్నా చాలవు."

"నాతో ఎందుకు దాచావ్?"

"ఈ ఏటి ఒడ్డున నాకంటే ముందు నలుగురు పడవలు మొదలెట్టారు. నాలుగూ కోళ్లగూళ్లయ్యాయి. నువ్వు కూడా నవ్వుతావని భయపడ్డా."

వాన డేరా మీద దడదడా కురుస్తోంది. మెర్రిన్ అనుమానం ఇంకా చావలేదు.

"ఇదేనా మొత్తం?"

"సగం. కాటమరాన్ కదా, ఇలాంటిదే ఇంకోటి కట్టి రెంటినీ దూలాలతో జత చెయ్యాలి."

"అంతా అయ్యాక ఎక్కి పారిపోతావు. ఒక్కడివేనా?"

అవతల్నుంచి గొంతు చెక్కకి మరింత దగ్గరగా వచ్చింది.

"మెర్రిన్, దీనికి ఒక్క దుప్పటి చాలేది. మిగతా రెండూ నిన్ను చూడ్డానికి కొన్నా. నువ్వంటే నాకు ప్రాణం."

చెక్క అడ్డుండబట్టి సరిపోయింది గానీ, ఆమె మొహం చూస్తే అతనికి జవాబు అప్పుడే తెలిసిపోయేది.

ఇంతలో తెర తొలగింది. మాంసం కూరిన వేడి పాస్టీల పళ్లెంతో జోరీ తల్లి లోపలికొచ్చింది. ఇద్దర్నీ చూసి, పడవలోకి తొంగిచూసి నోరు తెరిచింది.

"ఒరేయ్, చేతుల్తో పట్టుకున్నారేంట్రా? నీ కాళ్ల దగ్గర పెట్టె నిండా క్లాంపులున్నాయిగా!"

మెర్రిన్ తల తిప్పి చెక్కకేసి చూసింది.

"జోరీ," అంది మెర్రిన్ నెమ్మదిగా. "నాతో అబద్ధమాడావు."

"అవును," అన్నాడు లోపల్నుంచి, ఏడుపు గొంతుతో. "క్లాంపు బిగిస్తే నువ్వు వెళ్లిపోతావుగా."

మెర్రిన్‌కి కోపం ముంచుకొచ్చింది. కానీ అంతలోనే ఓ లెక్క తట్టింది. ట్రూరో ఆయన సొంత సంసారాన్నే ఏడాది దాచాడు. వీడు ఓ పెట్టెడు క్లాంపుల్ని గంటసేపు దాచలేకపోయాడు. ఇంత చేతకాని అబద్ధాలకోరు పెళ్లాన్నేం దాస్తాడు! ఏడాది తర్వాత మొదటిసారి ఆమె గుండె తేలికపడింది.

"ఆదివారం ఎన్నింటికి రమ్మంటారండీ?" అని ఆవిణ్ణి అడిగింది.

"ఒంటిగంటకి రా అమ్మాయ్. వీడు దాచినవి ఇంకేమైనా ఉంటే అన్నీ చెప్తా."

పడవ లోపల ఏదో ధబ్బుమని పడింది.

"ముందు ఆ క్లాంపు బిగించు," అంది మెర్రిన్, చెయ్యి తియ్యకుండానే.